సరంగుగారి అమ్మాయి

మొన్న ఆదివారం గరాజ్‌లో పాత సామాను సర్దుతుంటే పై అరలో నీలం రంగు గుడ్డసంచి ఒకటి చేతికి తగిలింది. మూతికి కట్టిన తాడు విప్పానో లేదో గుప్పుమని వాసన. ఉప్పు, చెమ్మ, ఎండిన నాచు, అడుగున ఎక్కడో కాస్త పెట్రోలు. అది మా పడవ ముందు తెరచాప. కొత్తది కొన్నాక పాతదాన్ని పారేయడానికి మా ఆవిడకు మనసొప్పలేదు. మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, మడత మీద మడత వేసి సంచిలో దాచింది. ఆమె పోయాక ఆ అర జోలికి నేను వెళ్లలేదు.

చాపను నేల మీద పరిచాను. కింది అంచుకు జానెడు పైన ఒక చిరుగు, దానికి తెల్లగుడ్డ అతుకు. అరచేతికి తోలు పట్టీ వేసుకుని, మైనం పట్టించిన దారంతో, లావుపాటి సూదితో ఆమె వేసిన కుట్లు ఏటవాలుగా, ఒకే కొలతలో ఉన్నాయి. ఇన్నేళ్ల గాలికీ ఎండకీ గుడ్డ పలచబడింది కాని కుట్టు ఒక్కటీ వదులు కాలేదు. చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. ఆమె గురించి, ఆ పడవ గురించి నాలుగు మాటలు రాసి పెట్టాలనిపించింది.

* * *

మా ఆవిడ పుట్టి పెరిగింది కాకినాడ జగన్నాథపురంలో. ఆమె చిన్నతనంలో కాకినాడ రేవుకు వచ్చే పెద్ద ఓడలు ఒడ్డుకు చేరేవి కావు. అక్కడ సముద్రం లోతు తక్కువ. హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ తూర్పున గోడ కట్టినట్టు అడ్డం ఉంటుంది కనుక దాని చాటున, తీరానికి మైళ్ల దూరంలో లంగరు వేసుకుని నిలబడేవి. ఊళ్లోని ఉప్పుటేరు నుంచి కార్గో పడవలు బస్తాలు నింపుకుని అంతదూరం వెళ్లి ఓడకు ఎక్కించి, ఓడలో వచ్చిన సరుకు దించుకుని తిరిగి వచ్చేవి. మా మామగారు అలాంటి ఒక పడవకు సరంగు, అంటే పడవ నడిపించే పెద్ద.

ఆ పని గాలి చెప్పినట్టు సాగేది. తెల్లవారుజామున నేల చల్లబడి గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఆ గాలి ఉండగానే చాప ఎత్తి ఓడ దగ్గరకు చేరుకోవాలి. మధ్యాహ్నానికి నేల కాగి, గాలి సముద్రం మీంచి ఊరి వైపు తిరుగుతుంది. దాన్ని పట్టుకుని ఇంటికి రావాలి. అందుకని తొలికోడి కూయకముందే వాళ్లింట్లో దీపం వెలిగేది. చద్దన్నం, ఉల్లిపాయ, ఆవకాయ బద్ద మూటగట్టి అత్తగారు చేతికిచ్చేవారట. ఏటిలో గాలి ఆడదు కాబట్టి ఏరు సముద్రంలో కలిసే మొగ దాటే వరకూ కళాసీలు గెడలు వేస్తూ పోయేవారు. వాళ్ల హైలెస్సా కేకలు దూరమయ్యే కొద్దీ మళ్లీ నిద్రలోకి జారుకోవడం ఆమెకు బాగా గుర్తు.

సాయంత్రం బడి వదలగానే ఏటి గట్టుకు పరిగెత్తేది. వరసగా వచ్చే చాపల్లో నాన్న పడవ ఏదో అతుకులను బట్టి పోల్చుకునేది. మూడు అతుకులు ఒక మూలకు, పొడవాటిది ఒకటి మధ్యన. ఇంకా ఎవరికీ కనబడకముందే తను చెప్పేసేదానినని చివరి దాకా గర్వంగా చెప్పుకుంది. సెలవు రోజుల్లో ఆయన ఆమెను పడవెక్కించుకుని చుక్కాని దగ్గర కూర్చోబెట్టేవారు. ఏటి నీరు ఎప్పుడు ఎక్కుతుందో, ఎప్పుడు దిగుతుందో ఆమెకు పంచాంగం లేకుండా తెలిసేది. చంద్రుణ్ణి చూసి ఈ రోజు పోటు ఎన్ని గంటలకో చెప్పేది.

నాది అనంతపురం జిల్లా. నీళ్లంటే నాకు తెలిసినవి బావిలో చేద వేసి తోడుకునేవే. మా పెళ్లి కుదిరినప్పుడు సముద్రం ఒడ్డు పిల్ల మన ఎండలకు తట్టుకుంటుందా అని మా నాయనమ్మ బెంగపెట్టుకుంది. మేం అనంతపురంలో కాపురం పెట్టనే లేదు. ఉద్యోగం మమ్మల్ని కాలిఫోర్నియాకు తెచ్చి పడేసింది.

* * *

వచ్చిన కొత్తలో మా ఆవిడకు ఇక్కడ ఏదీ రుచించలేదు. ఒకరోజు బర్కిలీ మెరీనా పక్కన పచ్చికలో గాలిపటాలు ఎగరేస్తారంటే పిల్లవాణ్ణి తీసుకుని వెళ్లాం. వాడు గాలిపటాల వైపు పోయాడు. ఈమె మాత్రం పడవలు కట్టేసిన వైపు నడిచి, రెయిలింగు పట్టుకుని నిలబడిపోయింది. గాలికి తెరచాపలు కట్టే వాడకొయ్యల మీద తాళ్లు టకటకమని కొట్టుకుంటున్నాయి. వందల పడవలు, వందల తాళ్లు. "నీళ్లు దిగుతున్నాయండీ. ఇంకో గంటకు ఆ బురద బయటపడుతుంది" అంది. గంట తరువాత బురద బయటపడింది.

మా ఆఫీసులో పదవీ విరమణకు దగ్గరపడ్డ పెద్దాయన ఒకరికి చిన్న పడవ ఉండేది. ఒక శనివారం మమ్మల్ని తీసుకెళ్లాడు. మాటల మధ్యలో మర్యాదకు చుక్కాని ఆమె చేతికిచ్చాడు. ఆమె ఒకసారి చాప పైఅంచు వైపు, ఒకసారి నీటి మీద నల్లబడుతున్న గాలి మచ్చల వైపు చూసి కూర్చుంది. తిరిగొచ్చే దాకా ఆయన మళ్లీ చుక్కాని అడగలేదు. కారు దగ్గర నాతో, "మీ ఆవిడ ఎక్కడ నేర్చుకుంది?" అని మాత్రం అడిగాడు.

తరువాత కొంత కాలానికి మేమూ ఒక పాత పడవ కొన్నాం. కేటలినా కంపెనీవాళ్ల 27 అడుగుల పడవ. అమెరికాలో ఈ కొలతలో అంతగా అమ్ముడుపోయిన పడవలు తక్కువ. వెనక తగిలించుకునే చిన్న మోటారు, లోపల నలుగురు ఇరుకుగా పడుకునే చోటు, స్పిరిట్ స్టవ్వు. పడవకు పేరు పెట్టేటప్పుడు ఆమె క్షణం ఆలోచించలేదు. "కోరంగి" అంది. గోదావరి మొగలో ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అది. 1839 నవంబరు తుపానులో ఉప్పెన వచ్చి ఊరినీ ఓడలనూ ఊడ్చుకుపోయింది. అయినా ఆ తీరం వాళ్లు సముద్రం మీదికి వెళ్లడం మానలేదు. బర్మాలో తెలుగువాళ్లందరినీ కోరంగీలనే పిలిచేవారు. మా ఆవిడ తాతగారు రంగూన్‌లో బియ్యపు మిల్లులో పనిచేసి వచ్చినవారే. పడవ వెనక తెలుగు అక్షరాల్లో ఆ పేరు తనే రాసింది. రేవులో అందరూ ఆ గుండ్రటి అక్షరాలను చూడడానికి ఆగేవారు.

పడవ మీద పనుల పంపకం మొదటి రోజే తేలిపోయింది. చుక్కాని ఆమెది. తాళ్లు, మోటారు, వాంతులు నావి. ఆ మూడోదానికి ఆమె అల్లం మురబ్బా సీసా ఎప్పుడూ నా కోటు జేబులో పెట్టేది. ఎంత గాలిలోనైనా ఆమె గొంతు చించుకుని ఆజ్ఞలు ఇచ్చేది. "వదలండి! ఇప్పుడు లాగండి! లాగండంటున్నాను!" అలలు ముఖాన కొడుతున్నా గౌరవవాచకం తప్పేది కాదు. పక్క పడవల వాళ్లకు భాష తెలియకపోయినా ఎవరు సరంగో తెలిసేది.

* * *

మేం ఎక్కువగా శాన్ ఫ్రాన్సిస్కో బే అనే అఖాతం లోపలే తిరిగేవాళ్లం. ఆల్కట్రాజ్ చుట్టి రావడం, ఏంజెల్ ఐలాండ్ చాటున లంగరు వేసి భోంచేయడం. వేసవిలో శాన్ ఫ్రాన్సిస్కో బే గాలి సామాన్యమైనది కాదు. లోపల సెంట్రల్ వ్యాలీ మండిపోతుంటే, వేడిగాలి పైకి లేచి, ఆ ఖాళీలోకి చల్లటి సముద్రపు గాలి గోల్డెన్ గేట్ సందులోంచి దూసుకువస్తుంది. మధ్యాహ్నం రెండయ్యేసరికి పాతిక నాట్ల, అంటే గంటకు పాతిక సముద్రపు మైళ్ల గాలి మామూలు. కారణం విన్నాక మా ఆవిడ, "కాకినాడలోనూ ఇదే గదండీ. నేల కాగితే గాలి తిరుగుతుంది. ఇక్కడ కొండల మధ్య సందు ఇరుకు కాబట్టి కోపం ఎక్కువ" అంది. అంతకంటే బాగా నాకు ఎవరూ చెప్పలేదు.

గోల్డెన్ గేట్ వంతెన దాటి బయట సముద్రంలోకి వెళ్లడం వేరే సంగతి. నాకు బాగా గుర్తున్నది ఒక సెప్టెంబరు ప్రయాణం. దక్షిణంగా తీరం వెంబడి హాఫ్ మూన్ బే దాకా. ఇక్కడ సెప్టెంబరే అసలైన వేసవి. పొగమంచు పలచబడుతుంది, గాలి కాస్త నెమ్మదిస్తుంది.

ముందు రోజు రాత్రే పడవలో పడుకున్నాం. నాలుగున్నరకు ఆమె లేచి వాతావరణం రేడియో పెట్టింది. ఆ యంత్రపు గొంతు రాగం లేకుండా ఒక్కో తేలియాడే బోయా దగ్గర కొలతలు చదువుకుంటూ పోతుంది. అల ఎత్తు ఎన్ని అడుగులు, అలకూ అలకూ మధ్య ఎన్ని సెకన్లు. ఎత్తు కంటే ఆ సెకన్లే ముఖ్యం. అయిదడుగుల అల పన్నెండు సెకన్లకొకటి వస్తే ఉయ్యాల. అదే అల ఆరు సెకన్లకొకటి వస్తే నడుములు విరుగుతాయి. "మా నాన్న వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాడు" అనేది ఆమె ప్రతిసారీ, రేడియో కట్టేస్తూ.

పక్కనే పోటుపాట్ల పట్టికల చిన్న పుస్తకం. గాలాల దుకాణాల్లో ఉచితంగా ఇచ్చేవారు. అది చూడకుండా గోల్డెన్ గేట్ దాటాలనుకోవడం తెలివితక్కువ. బే నీళ్లన్నీ మైలు వెడల్పు సందులోంచి లోపలికీ బయటికీ పోవాలి. పాటు, అంటే సముద్రం వైపు దిగే నీరు, బలంగా ఉన్నప్పుడు వంతెన కింద ప్రవాహం నాలుగు నాట్లు దాటుతుంది. మా పడవ ఎంత ముక్కినా అయిదు. ఎదురు వెళ్తే రోజంతా వంతెన కిందే ఉంటాం. పైగా పాటు బయటికి పోతుండగా పడమటి గాలి ఎదురుగా కొడితే అలలు నిట్టనిలువుగా లేస్తాయి. అందుకని గాలి లేవకముందే, పాటు పట్టుకుని, తెల్లవారుతుండగా బయటపడాలి. ఆ పుస్తకంలో ఆ రోజు అంకెల పక్కన ఆమె పెన్సిలుతో "5:40" అని రాసింది. 5:40కి తాడు విప్పాం.

వంతెన దగ్గరకు వచ్చేసరికి మంచు కిందికి దిగింది. 746 అడుగుల స్తంభాలు సగం నుంచి పైకి లేవు. నెత్తి మీద 220 అడుగుల ఎత్తున కార్ల రొద మాత్రం వినబడుతోంది. వంతెనకు రెండు చోట్ల, పొగమంచులో ఓడలను హెచ్చరించే మంచు బూరలు ఉన్నాయి, మధ్యలో ఒకటి, దక్షిణపు స్తంభం దగ్గర ఒకటి. రెండింటి స్వరం వేరు. ఆమె నన్ను మాట్లాడవద్దని చేత్తో సైగ చేసి, తల ఒక పక్కకు వంచి, ఏ స్వరం ఏ వైపు నుంచి వస్తోందో వింటూ చుక్కాని పట్టుకుంది. జీపీఎస్ నా చేతిలో ఉంది. 2000 మే నెల దాకా అమెరికా ప్రభుత్వం మామూలు జనం జీపీఎస్‌లో కావాలనే కొంత తప్పు కలిపేది. ఆ అలవాటుతో ఆమె ఆ పెట్టెను ఎప్పుడూ పూర్తిగా నమ్మలేదు. నా పని ముందుభాగంలో నిలబడి ఓడలు చూడడం. ఓక్లండ్‌కు వచ్చే కంటైనర్ ఓడ ఒకటి మాకు ఎడమగా వెళ్లింది. ముందు దాని గుండె చప్పుడు కాళ్లకు తగిలింది, తరువాత మంచులో నల్లటి గోడ, అంతే. ఒడ్డున పాయింట్ బొనీటా లైట్‌హౌసు వెలుగు వచ్చి పోతోంది. 1877 నుంచి అది ఆ రాతి మీద వెలుగుతూనే ఉంది.

ఆ లైట్‌హౌసు ముందే, పడమటగా, పొటాటో ప్యాచ్ అనే తిప్ప ఉంది. వెనకటికి బొలీనాస్ నుంచి బంగాళాదుంపలతో వచ్చే పడవలు అక్కడ బోల్తాపడి దుంపలు తేలేవని చెబుతారు. పెద్ద అలల రోజున ఆ తిప్ప మీద నీళ్లు తెల్లగా విరిగిపడుతుంటాయి. ఆ రోజు అలలు చిన్నవి. దక్షిణపు దారి పట్టాం.

* * *

ఓషన్ బీచ్ దాటాక మంచు విడిపోయింది. వాయవ్యం నుంచి గాలి మొదలైంది. మోటారు ఆపేశాను. అంతవరకూ వినబడని చప్పుళ్లన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. సింకు గొట్టంలో నీళ్లు గుటకలు వేయడం, స్టవ్వు మీద గిన్నె అటూ ఇటూ జరగడం, పడవ పక్కల నురుగు చిరచిరలాడడం. గాలి సరిగ్గా వెనక నుంచి వస్తోంది కాబట్టి పెద్ద చాపను ఎడమకూ, చిన్నదాన్ని కుడికీ తెరిచి, పెద్ద చాప కింది అంచున ఉండే దుంగను తాడుతో ముందుకు బిగించి కట్టాను. ఆ తాడు లేకపోతే చుక్కాని కొంచెం అటు ఇటు అయినా దుంగ విసురుగా ఇవతలికి వచ్చి తలలు పగలగొడుతుంది.

తొమ్మిదింటికి పులిహోర డబ్బా తెరిచింది. సముద్రం మీద పులిహోర రుచి చెప్పనలవి కాదు. చల్లగాలికి చేతులు కొంకర్లు పోతుంటే, ఇంగువ వాసనతో, వేళ్లకు నూనె అంటుకుంటూ తినాలి. మజ్జిగ మిరపకాయలు ముందురోజే వేయించి డబ్బాలో తెచ్చేది. నేను ఆమెకు ముద్దలు అందిస్తుంటే ఒక చేత్తో చుక్కాని పట్టుకుని తినేది. ఇంట్లో అలా ఒకరికొకరం తినిపించుకున్న గుర్తు లేదు. మా తరం వాళ్లం అలాంటివి చేయం. పడవ మీద మాత్రం అవసరం కొద్దీ చేసేవాళ్లం, ఆ అవసరం ఇద్దరికీ ఇష్టంగా ఉండేది.

పసిఫికా ఎదురుగా ఉండగా పెలికాన్లు కనబడ్డాయి. రెక్కలు మడుచుకుని ఎత్తు నుంచి నీళ్లలోకి పడుతున్నాయి. చేపలున్నాయన్నమాట. అంతలో పడవకు కుడిపక్కన, రెండు కొబ్బరిచెట్ల దూరంలో, బుస్సుమని నీటి ఆవిరి లేచింది. తిమింగలం. నల్లటి వీపు మెల్లగా ఒరుసుకుంటూ వెళ్లి, వీపు మీది చిన్న రెక్క కనబడి, మునిగింది. ఆ ఆవిరి గాలికి మా మీదికి వచ్చింది. కుళ్లిన చేపల వాసన, భరించలేనిది. మా ఆవిడ ముక్కు మూసుకోలేదు. రెండు చేతులూ జోడించింది. చుక్కాని మోకాలితో పట్టుకుంది. అది మళ్లీ లేస్తుందేమోనని చాలాసేపు చూశాం. లేచింది, కాని దూరంగా, అదీ ఒక్కసారే.

డెవిల్స్ స్లైడ్ దగ్గర కొండ నిలువుగా సముద్రంలోకి దిగుతుంది. అప్పటికింకా సొరంగాలు తవ్వలేదు. 2013లో అవి తెరిచాక పాత రోడ్డు నడకదారి అయింది. ఆ రోజు మాత్రం కొండ అంచున కార్లు బారులు తీరి కదులుతున్నాయి. ఆ రోడ్డు మీద మేం ఎన్నోసార్లు వెళ్లినవాళ్లమే. సముద్రం మీంచి చూస్తే ఆ కార్లలో ఉన్నవాళ్ల మీద జాలి కలిగింది.

మోంటారా లైట్‌హౌసు చిన్నది, తెల్లటి ఇనప గొట్టం. దాని కథ నాకు చాలా ఇష్టం. అది మొదట అట్లాంటిక్ తీరాన, మసాచుసెట్స్‌లో కేప్ కాడ్ మీద ఉండేదట. అక్కడ పని అయిపోయాక విప్పి దేశం ఈ చివరకు తెచ్చి నిలబెట్టారు. ఆ సంగతే అందరూ మరిచిపోయారు. 2008లో పాత కాగితాల్లో బయటపడింది. పేపర్లో చదివి మా ఆవిడకు చెప్తే, వంటింట్లో పని ఆపి, "అంత దూరం నుంచి వచ్చి ఇక్కడి సముద్రానికి వెలుగు చూపిస్తోందా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. తరువాత ఎప్పుడు ఆ మీదుగా వెళ్లినా దానికి చెయ్యి ఊపేది.

* * *

పిల్లర్ పాయింట్ కొండ మీద తెల్లటి రాడార్ గుండు చాలా దూరం నుంచే కనబడుతుంది. దాని కిందే మావెరిక్స్. చలికాలంలో అక్కడ లేచే అలలకు ప్రపంచం నలుమూలల నుంచి సర్ఫింగ్ వీరులు వస్తారు. సెప్టెంబరులో అది అమాయకంగా పడుకుని ఉంటుంది. అయినా రాళ్లు ఎక్కడికీ పోవు. మా ఆవిడ చార్టు ఒళ్లో పెట్టుకుని, ఒక్కో బోయాను వేలితో గుర్తుపెట్టుకుంటూ, చుట్టు తిరిగి రేవు గోడల్లోపలికి తెచ్చింది. ఆ కాగితం చార్టులు కూడా ఇప్పుడు లేవు. అమెరికా ప్రభుత్వం 2024తో వాటి ప్రచురణ ముగించింది. ఆమె పెన్సిలు గీతలున్న మా పాత చార్టు నా దగ్గరే ఉంది.

లంగరు వేయడం ఆమె ఎవరికీ వదిలేది కాదు. అప్పుడు మాత్రం చుక్కాని నాకిచ్చి ముందుకు వెళ్లేది. నీళ్లు 18 అడుగులు, పడవ ముక్కు ఎత్తు మరో 4. దానికి ఏడు రెట్లు తాడు వదిలితే రాత్రి గాలి లేచినా భయం లేదు. లంగరు అడుగు తగిలాక రెండు చేతులూ బార్లా చాపి తాడు కొలుస్తూ వదిలేది. తాడు మీద అయిదేసి బారలకు ఒకటి చొప్పున నల్లదారం చుట్లు ఉండేవి, చీకట్లో అయినా వేలికి తగిలేలా. ఆరు చుట్లు దాటి ఇంకో బార. కట్టేసి, తాడు మీద అరచెయ్యి ఆనించి నిలబడేది. లంగరు ఇసుకలో జారుతుంటే తాడు వణుకుతుంది. పట్టుకుంటే వణుకు ఆగుతుంది. ఆగాక నా వైపు తిరిగి తల ఊపేది.

రేవులో జాలరి పడవల మీదే చేపలు అమ్ముతారు. చిన్న రబ్బరు పడవలో తెడ్డు వేసుకుని వెళ్లాం. ఆమె మొప్పలు ఎత్తి చూసి, కన్ను నొక్కి చూసి, నాలుగు పడవలు తిరిగి ఒక ఎర్ర రాతిచేపను ఎంచింది. అమ్మినతను ఆమె చూసే పద్ధతి గమనించి, లోపలి నుంచి ఇంకో మంచిది తీసి ఇచ్చాడు. ఆ సాయంత్రం స్పిరిట్ స్టవ్వు మీద చేపల పులుసు. "పండుగప్ప రుచి రాదు గాని, పరవాలేదు" అంది. చింతపండు ఉడికే వాసన ఆ రేవంతా పాకింది. పక్క పడవలోని ముసలి దంపతులు వాసనకు బయటికి వచ్చి చూస్తే గిన్నె నింపి పంపాం. గిన్నెలో యాపిల్ పళ్లు పెట్టి తిప్పి పంపారు.

మర్నాడు ఎదురుగాలి లేవకముందే నాలుగు గంటలకు చీకట్లో మోటారు వేసుకుని బయలుదేరి, పోటు మొదలయ్యే వేళకు గోల్డెన్ గేట్ చేరుకున్నాం. ఆ తిరుగు ప్రయాణంలో చలీ, మోటారు మోతా తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు.

* * *

ఆ తాడు మీది నల్లదారం చుట్ల సంగతి చెప్పాలి.

పడవ కొన్న కొత్తలో మామగారు మా దగ్గరకు వచ్చి కొన్ని నెలలు ఉన్నారు. అప్పటికి కాకినాడలో డీప్ వాటర్ పోర్టు వచ్చేసింది. 1997 తరువాత పెద్ద ఓడలు నేరుగా ఒడ్డుకే చేరాయి. చాప ఎత్తే పడవలు అంతకు ముందే కనుమరుగయ్యాయి. ఆయన పడవను ఏటి గట్టున విప్పి కలప కింద అమ్మేశారట. ఆ మాట ఆయన చెప్పలేదు. అత్తగారు చెప్పారు.

మొదటిసారి రేవుకు తీసుకెళ్లినప్పుడు పడవెక్కే ముందు వంగి అంచును తాకి కళ్లకద్దుకున్నారు. చాప గుడ్డను వేళ్ల మధ్య నలిపి, "ఇది తడవదా?" అన్నారు. తడిసినా బరువెక్కదని చెప్తే నమ్మకం కుదరక మళ్లీ నలిపి చూశారు. వాళ్ల నూలుచాప తడిస్తే ఎత్తడానికి నలుగురు కళాసీలు కావలసి వచ్చేదట. తెలుగు అక్షరాలు చూసి, "కోరంగి" అని పైకి చదివి, కూతురి వైపు తిరిగారు. ఏమీ అనలేదు.

బే లోకి వెళ్లాం. ఆమె చుక్కాని ఇవ్వబోతే ఆయన అందుకోలేదు. "నువ్వు పట్టు, నేను చూస్తాను" అన్నారు. రెండు గంటలు అలాగే చూశారు. ఒకే ఒక్కసారి నోరు విప్పారు. గాలి పెరిగినప్పుడు, "చాప తగ్గించు" అన్నారు. ఆమె అప్పటికే నాకు తాడు వదలమని చెప్పి ఉంది.

తిరిగొచ్చి పడవ కట్టేశాక లంగరు తాడు మొత్తం బయటికి లాగి చెక్క గట్టు మీద పరచమన్నారు. దాని మీద గుర్తులేవీ లేవు. "గుర్తు లేని తాడుతో లంగరు వేస్తారా?" అని ఆ రోజు మొత్తం మీద అప్పుడే కోపం తెచ్చుకున్నారు. అక్కడికక్కడే దుకాణానికి పంపి నల్లటి మైనపు దారం తెప్పించారు. తాడు కొస పట్టుకుని తన చేతులు రెండూ చాపి కొలవబోయారు. మా ఆవిడ అడ్డుపడింది.

"నీ బార ఆరడుగులుంటుంది నాన్నా. లంగరు వేసేది నేను. చీకట్లో నా చేతులతో లెక్కపెట్టుకోవాలి. నా బారకే కట్టు."

ఆయన ఒక క్షణం ఆగారు. తరువాత కూతుర్ని గట్టు మీద నిలబెట్టి రెండు చేతులూ చాపమన్నారు. ఒక చేతి మధ్యవేలు కొస నుంచి రెండో చేతి కొస దాకా తాడు పట్టి, బిగుతు చూసి, అయిదు బారలకు ఒకసారి దారం చుట్టి, పళ్లతో ముడి బిగించేవారు. అటూ ఇటూ పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. ఆయనకు పట్టలేదు.

"మోచెయ్యి వంచకు."

"వంచలేదు నాన్నా."

"వంచావు. మళ్లీ కొలవాలి."

"చేతులు లాగేస్తున్నాయి. ఇంకా ఎంతుంది?"

"సగం కూడా కాలేదు. కదలకుండా నిలబడు."